సౌండ్ రాట్లేదని సీపీయూ మోసుకెళ్ళకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్లో టెక్నాలజీ పేజీ వచ్చిన రోజు తప్పకుండా చదువుతాను, కొత్త ఫోన్ రేటెంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్, బ్యాటరీ ఎన్ని గంటలు అని బాగానే రాస్తారు, కానీ ఇళ్ళల్లో ఓ మూల బల్ల మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న పాత డెస్క్‌టాప్ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. మా నరసన్నపేటలో, చుట్టుపక్కల ఊళ్ళల్లో అలాంటివి ఇంకా చాలానే ఉన్నాయండి. పిల్లల చదువుకని అప్పట్లో కొన్నవి, ఇప్పుడు వాటి మీద డీఎస్సీ, గ్రూప్స్ క్లాసులు వినేవాళ్ళున్నారు, రిటైరైన మేష్టార్లు పొద్దున్నే ప్రవచనాలు పెట్టుకుంటారు, ఫోన్లో చిన్న బొమ్మ కళ్ళకి ఆనదని పెద్దవాళ్ళు న్యూస్ కూడా అందులోనే చూస్తారు. నాది జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే చిన్న షాపు. రిపేరు నా పని కాదు, అయినా ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు, "బాబూ, బొమ్మొస్తంది గానీ మాట రాట్లేదు, ఏటైనాదో ఓపాలి సూడవా" అని. ఆ విషయమే రాద్దామని ఈ ఉత్తరం.

ముందు నా బాధ చెప్పేస్తానండి. వీడియోలో సౌండ్ రాకపోతే మనవాళ్ళు చేసే మొదటి పని సీపీయూ వైర్లన్నీ పీకేసి బండి మీద పెట్టుకుని టౌన్‌కి పట్టుకెళ్ళడం. అక్కడ షాపులో కుర్రాడు చూసి "విండోస్ పోయింది అంకుల్, ఫార్మాట్ కొట్టాలి" అంటాడు. అందరూ అలా ఉంటారని అనను, ఓపిగ్గా చూసి రెండు నిమిషాల్లో సరిచేసి డబ్బులు కూడా తీసుకోకుండా పంపేసేవాళ్ళూ నాకు తెలుసు, కానీ ఫార్మాట్ అనే మందు ప్రతి రోగానికీ రాసేవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. ఫార్మాట్ కొడితే సీ డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, అంటే డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫోటోలు, డౌన్‌లోడ్స్‌లో ఉన్న సర్టిఫికెట్లు, పెళ్ళి వీడియోలు. సౌండ్ కోసం వెళ్ళి ఇవి పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. పైగా తీరా ఇంటికొచ్చి పెడితే ఒక్కోసారి మళ్ళీ సౌండ్ రాదు, ఎందుకంటే తప్పు సీపీయూలో లేనే లేదు, ఇంట్లో ఉండిపోయిన స్పీకర్ వైర్లోనో మోనిటర్లోనో ఉంది.

వంశధార నీళ్ళు గొట్టా బ్యారేజీ దగ్గర వదిలినా శివారు పొలానికి రావాలంటే మధ్యలో ప్రతి షట్టరూ లేచుండాలి కదా, ఇదీ అంతే. వీడియోలో సౌండ్ ఉండాలి, వీడియో కిందున్న స్పీకర్ బొమ్మ, క్రోమ్ లాంటి బ్రౌజర్లో ట్యాబ్, విండోస్‌లో ఆ బ్రౌజర్‌కి ఇచ్చిన వాల్యూమ్, ఏ స్పీకర్‌కి పంపాలన్న సెట్టింగ్, వెనకాల పిన్ను, ఆఖర్న స్పీకర్ మీదుండే చక్రం, ఇన్ని చోట్లలో ఏ ఒక్కటి మూసుకుపోయినా వినపడదు. నేను చూసినంతలో ఎక్కువ సార్లు నిజంగా చెడిపోయింది ఏదీ ఉండదండి, ఎక్కడో ఒకటి మ్యూట్‌లో ఉంటుంది.

కంప్యూటర్ ముట్టుకోకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది, అదే వీడియో ఫోన్లో పెట్టి చూడ్డం. ఫోన్లో కూడా సౌండ్ రాకపోతే ఇంక మన కంప్యూటర్‌ని అనుమానించక్కర్లేదు. కోచింగ్ క్లాసుల రికార్డింగుల్లో ఇది తరచూ జరుగుతుంది, జూమ్‌లో సార్ తన స్క్రీన్ చూపిస్తూ మధ్యలో ఏదో వీడియో ప్లే చేస్తారు, స్క్రీన్ షేర్ చేసేటప్పుడు షేర్ సౌండ్ అన్న చోట టిక్కు పెట్టకపోతే సార్ మాటలు వస్తాయి గానీ ఆ వీడియో శబ్దం పిల్లలకి వెళ్ళదు, రికార్డింగ్‌లోనూ ఉండదు, అది ఇక్కడ మనం తలకిందులైనా రాదు. ఇంకోటి కాపీరైట్. జాతర వీడియోనో ఊరేగింపు వీడియోనో ఎవరో పెడతారు, వెనకాల మైకులో సినిమా పాట మోగుతుంటుంది, యూట్యూబ్‌, ఫేస్‌బుక్‌ వాళ్ళ సిస్టమ్ ఆ పాటని గుర్తు పట్టిందంటే అంతవరకు సౌండ్ తీసేయొచ్చు. విజయనగరం సిరిమాను వీడియో చూస్తుంటే మధ్యలో మాట ఆగిపోయి కాసేపటికి మళ్ళీ వచ్చిందంటే ముందు దీన్నే అనుమానించాలి, స్పీకర్ కొనక్కర్లేదు.

ఫోన్లో వచ్చి కంప్యూటర్‌లో రావట్లేదు అంటే అప్పుడు కంప్యూటర్‌లోనే ఉన్న పాటో సినిమా ఫైలో ఏదైనా ప్లే చేసి చూడాలి. అది వినపడుతుంటే స్పీకర్లూ వైర్లూ అన్నీ బాగున్నట్టే, తేడా బ్రౌజర్‌ వైపో విండోస్‌లో దానికిచ్చిన వాల్యూమ్‌లోనో ఉంది. అదీ వినపడకపోతే విండోస్ వైపో వైర్ల వైపో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గిపోతుంది, కానీ షాపుకి సీపీయూ తెచ్చేవాళ్ళలో ఇది చేసి వచ్చినవాళ్ళు నాకు కనపడలేదు.

బ్రౌజర్‌ వైపు అయితే ముందు వీడియో కిందున్న స్పీకర్ బొమ్మ చూడండి, దాని మీద అడ్డగీత ఉంటే నొక్కండి. యూట్యూబ్‌లో కీబోర్డు మీద ఎమ్ అక్షరం నొక్కితే మ్యూట్ పడుతుంది, మళ్ళీ నొక్కితే పోతుంది, పిల్లలు కీబోర్డు మీద చెయ్యేస్తే తెలీకుండానే పడిపోతుంది, పైగా వాల్యూమ్ ఎక్కడ వదిలామో అది గుర్తుపెట్టుకుంటుంది కూడా. న్యూస్ సైట్లలో వీడియో దానంతటదే మొదలై సౌండ్ లేకుండా ఆడుతుందే, అది తప్పు కాదండి, 2018 ఏప్రిల్‌లో క్రోమ్ 66 వచ్చినప్పటి నుంచి మనం ఏదీ నొక్కకుండా సౌండ్‌తో వీడియో మొదలవ్వకుండా ఆపేశారు, మరుసటి ఏడు ఫైర్‌ఫాక్స్ కూడా అదే చేసింది. అందుకని సైట్లవాళ్ళు వీడియోని మ్యూట్‌లోనే మొదలుపెడతారు. మంచి పనే, ఆఫీసులో ఏదో పేజీ తెరవగానే సబ్బు యాడ్ గట్టిగా మోగడం తప్పింది, కానీ ఆ సంగతి తెలీని పెద్దవాళ్ళకి మాత్రం కంప్యూటర్ పాడైపోయినట్టే ఉంటుంది.

దీనికన్నా ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది ట్యాబ్ మ్యూట్. క్రోమ్‌లో పైన ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే మ్యూట్ సైట్ అని ఉంటుంది, పేరులోనే ఉంది చూడండి, అది ఆ ఒక్క ట్యాబ్‌ని కాదు ఆ సైట్ మొత్తాన్ని మూసేస్తుంది, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినా అలాగే ఉంటుంది. ట్యాబ్ మూసేద్దామని రైట్ క్లిక్ చేసి పొరపాటున దాని మీద నొక్కితే చాలు, యూట్యూబ్‌లో ఏ వీడియో పెట్టినా మాట రాదు, మిగతా సైట్లలో అన్నీ వస్తాయి. ఇలా ఒక్క సైట్లోనే సౌండ్ రావట్లేదు అని ఎవరైనా అంటే నేను ముందు ఇదే చూస్తాను. ట్యాబ్ మీద చిన్న స్పీకర్ బొమ్మకి అడ్డగీత ఉంటుంది, మళ్ళీ రైట్ క్లిక్ చేసి అన్‌మ్యూట్ సైట్ అంటే సరిపోయింది. లేదంటే అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి సైట్ సెట్టింగ్స్‌లో సౌండ్ అన్న చోట అలో పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఇన్‌కాగ్నిటో, అంటే ప్రైవేట్ విండోలో అదే వీడియో పెట్టండి, అందులో వస్తే బ్రౌజర్‌కి అదనంగా తగిలించిన ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డం పడుతున్నట్టు, ఒక్కొక్కటీ ఆఫ్ చేసుకుంటూ చూసుకోవడమే. ఎవరైనా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి పంపిన సినిమా ఫైల్‌ని డౌన్‌లోడ్ చేసి నేరుగా క్రోమ్‌లో తెరిస్తే బొమ్మే వస్తుంది ఒక్కోసారి, అందులో డాల్బీ రకం ఆడియో ఉంటే క్రోమ్‌కి అర్థం కాదు, అదే ఫైల్ వీఎల్‌సీ ప్లేయర్‌లో పెడితే శుభ్రంగా పలుకుతుంది.

ఇక విండోస్. కింద కుడి మూల స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ వాల్యూమ్ మిక్సర్ అంటే ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో వాల్యూమ్ కనపడుతుంది, విండోస్ 11లో అయితే అదే సెట్టింగ్స్ పేజీలా తెరుచుకుంటుంది. మొత్తం వాల్యూమ్ నూరులో ఉన్నా క్రోమ్ ఒక్కటే సున్నాలో ఉండొచ్చు. ఇక్కడొక చిన్న కిటుకుంది, వీడియో ఆడుతున్నప్పుడే మిక్సర్ తెరవాలి, లేకపోతే బ్రౌజర్ పేరు అందులో కనపడకపోవచ్చు, కనపడలేదని మనం కంగారు పడతాం. సౌండ్ పూర్తిగా పోకుండా బాగా తగ్గిపోతుంటే, అదీ ఏదైనా వీడియో కాల్ మాట్లాడాకనో కాల్ నడుస్తున్నప్పుడో అయితే, కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి నాలుగో ట్యాబ్ కమ్యూనికేషన్స్ చూడండి. కాల్ వస్తే మిగతా సౌండ్లు 80 శాతం తగ్గించు అని విండోస్ తనంతట తనే పెట్టుకుని ఉంటుంది. డూ నథింగ్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది.

కొత్త మోనిటర్ కొన్నాక సౌండ్ పోయిందని వచ్చేవాళ్ళకి మాత్రం చూడకుండానే చెప్పేయొచ్చు. పాత మోనిటర్‌కి నీలం పిన్ను వీజీఏ వైరు ఉండేది, దాంట్లో బొమ్మ ఒక్కటే వెళ్తుంది. కొత్తదానికి హెచ్‌డీఎంఐ, అందులో బొమ్మతోపాటు సౌండ్ కూడా వెళ్తుంది, దాంతో విండోస్ సౌండంతా మోనిటర్‌కి పంపేస్తుంది, ఆ మోనిటర్‌లో స్పీకర్లే ఉండవు. స్పీకర్ బొమ్మ నొక్కితే దాని పైన బాణం గుర్తు ఉంటుంది, విండోస్ 11లో అయితే వాల్యూమ్ గీత పక్కన, అది నొక్కి మోనిటర్ పేరు కాకుండా స్పీకర్స్ అన్నది ఎంచుకోవాలి, చాలావరకు పక్కన రియల్‌టెక్ అని సౌండ్ చిప్ కంపెనీ పేరు కూడా ఉంటుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ ఉన్న ఇంట్లో కూడా ఇదే కథ, హెడ్‌సెట్ పక్క గదిలో మంచం మీద పడి పలుకుతుంటుంది, ఇక్కడ స్పీకర్ మూగబోయి ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన రోగం ఒకటి చెప్తానండి, ఎందుకంటే దీన్ని చూసి చాలామంది ఏదో వైరస్ అనుకుంటారు. పాట పెడితే వాయిద్యాలన్నీ వినిపిస్తాయి, పాడే గొంతు మాత్రం ఉండదు, లేదా ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది. ప్రవచనం పెడితే అసలేమీ వినపడదు గానీ ముందు వచ్చే మ్యూజిక్ మాత్రం వస్తుంది. దీనికి కారణం పిన్ను సగమే దిగడం. రికార్డింగ్‌లో గొంతుని మామూలుగా ఎడమ స్పీకర్‌కీ కుడి స్పీకర్‌కీ సమానంగా పెడతారు, వాయిద్యాల్ని కొన్ని అటు ఎక్కువ, కొన్ని ఇటు ఎక్కువ పెడతారు. పిన్ను పూర్తిగా దిగక రెండిటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండు వైరు తగలకపోతే ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా ఒక్కటే స్పీకర్‌లోకి వస్తుంది, రెండిట్లో సమానంగా ఉన్న గొంతు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతుంది. పిన్ను బయటికి లాగి గట్టిగా టక్కుమనేదాకా లోపలికి నొక్కండి, మనిషి తిరిగొచ్చేస్తాడు. ఫోన్‌తో వచ్చే మైకున్న ఇయర్‌ఫోన్ల పిన్ను మీద మూడు గీతలుంటాయి, మామూలు స్పీకర్ పిన్నుకి రెండే, ఆ మూడు గీతలది కొన్ని పాత సీపీయూల రంధ్రంలో సరిగ్గా కూర్చోక కూడా ఇలాగే చేస్తుంది. పిన్ను బాగానే దిగినా మాటలు మాత్రమే రాకపోతే సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ మీద కాన్ఫిగర్ నొక్కి చూడండి, 5.1 అని, అంటే ఆరు స్పీకర్ల సెట్టింగ్, పెట్టి ఉంటే కొన్ని సినిమాల్లో మాటలన్నీ మధ్య స్పీకర్‌కి వెళ్ళిపోతాయి, మన ఇంట్లో ఉన్నవి రెండే, అంచేత స్టీరియో పెట్టుకోవాలి.

పిన్నుల సంగతి వచ్చింది కాబట్టి, సీపీయూ వెనకాల ఆకుపచ్చ రంధ్రమే స్పీకర్లకి, గులాబీ రంగుది మైకుకి. ఇల్లు ఊడ్చి సీపీయూ తుడిచాక సౌండ్ పోయిందంటే చాలావరకు ఇదే తారుమారు. ముందువైపు రంధ్రంలో రాకపోతే వెనకాల పెట్టండి, ముందుది లోపల ఒక సన్న వైరుతో బోర్డుకి కలిపి ఉంటుంది, ఎప్పుడో రిపేర్‌కి విప్పినప్పుడు దాన్ని మళ్ళీ పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు. స్పీకర్ మంచిదో కాదో తెలియాలంటే దాని పిన్ను తీసి రంధ్రం ఉన్న ఏ ఫోన్‌కైనా గుచ్చి పాట పెట్టండి.

ఇవేవీ కాకపోతేనే డ్రైవర్ దాకా, అంటే విండోస్ చేత సౌండ్ భాగాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్ దాకా వెళ్ళాలి, అది కూడా ఇంట్లో అయ్యే పనే. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, అందులో సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ కింద రియల్‌టెక్ అనో హై డెఫినిషన్ ఆడియో అనో ఉంటుంది. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి సౌండ్ పోయిందంటే దాని ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి, అది నొక్కడానికి వీల్లేకుండా మసగ్గా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే విండోసే మళ్ళీ వేసుకుంటుంది. స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తుండి ఆడియో సర్వీస్ నడవట్లేదని వస్తే సర్వీసెస్‌లో విండోస్ ఆడియోని రీస్టార్ట్ చెయ్యాలి. విండోస్ 7 మీద ఉన్నవాళ్ళకి 2023 మొదట్లో వచ్చిన క్రోమ్ 109 తర్వాత కొత్తది రాదు, కొన్ని సైట్లు సరిగ్గా ఆడకపోతే ఆశ్చర్యం లేదు. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అయినంత మాత్రాన సౌండ్ పోదండి, అలా చెప్పి ఎవరైనా కొత్త కంప్యూటర్ అంటగడితే నమ్మకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా రాయమని కోరుతున్నాను. సౌండ్ రావట్లేదని నెట్లో వెతికితే "మీ ఫ్లాష్ ప్లేయర్ పాతది, అప్‌డేట్ చెయ్యండి", "ఈ కోడెక్ వేసుకుంటే సౌండ్ వస్తుంది" అని బొమ్మలొస్తాయి. ఫ్లాష్‌ని అడోబీ కంపెనీయే 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, తర్వాత జనవరి 12 నుంచి అది అసలు పనిచెయ్యకుండా చేసింది కూడా. చచ్చిపోయినదానికి అప్‌డేట్ ఎక్కడిది, అది వైరస్సే. ఇంకా ఘోరం కస్టమర్ కేర్ నంబర్లు, ఫోన్ చేస్తే ఎనీడెస్క్ అనే యాప్ వేసుకోమంటారు, స్క్రీన్ వాళ్ళ చేతికెళ్ళాక సౌండ్ సంగతి వదిలేసి బ్యాంకు సంగతి మొదలెడతారు. డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలన్నది కూడా మా వైపు చాలామందికి తెలీదు.

అందుకే అడుగుతున్నానండి, వారానికోసారి ఆ టెక్నాలజీ పేజీలో ఒక కాలమ్ జాగా ఇలాంటివాటికి ఇవ్వండి, రాసేవాళ్ళు లేకపోతే మా శ్రీకాకుళం జిల్లాలోనే షాపుల్లో, కాలేజీల్లో బోలెడు మంది ఉన్నారు. షాపులవాళ్ళని కూడా ఒకటి అడుగుతున్నా, ఫార్మాట్ అనేముందు కస్టమర్ ఎదురుగా హెడ్‌ఫోన్ పెట్టి వినిపించండి, ఏం తేడా ఉందో చూపించండి, అంతకంటే మీ డబ్బులకి మేం అడ్డం రాం.

ఇంకోటండి, ఏమనుకోకండి, మీ పేపర్ వెబ్‌సైట్‌లో కూడా వీడియోలు మ్యూట్‌లోనే మొదలవుతున్నాయి, స్పీకర్ బొమ్మ కింద మూలన నలుసంత ఉంటుంది, మౌస్ పెడితే గానీ కనపడదు. మా షాపుకొచ్చే పెద్దాయన ఒకాయన మీ సైట్లో వార్తలన్నీ మూకీ సినిమాల్లాగే చూస్తున్నారు. వీడియో మీద పెద్ద అక్షరాల్లో "సౌండ్ కోసం ఇక్కడ నొక్కండి" అని తెలుగులో పెట్టించండి, మీ సైట్ చూసుకునే కుర్రాళ్ళకి అదేమంత పెద్ద పని కాదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.